ప్రార్థనకు జవాబు రానప్పుడు

(ఈ పాఠానికి ముందు చదవవలసిన భాగములు: యోబు గ్రంథం 1, 2, 42 అధ్యాయాలు, రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయం మొదటి 7 వచనాలు, మత్తయి సువార్త 26వ అధ్యాయం 36 నుండి 46 వరకు. బైబిలు లేనివాళ్ళు నా దగ్గర తీసుకోవచ్చు. చదివి మళ్ళీ ఇవ్వాలి. పోయినసారి తీసుకున్నవాళ్ళు ఎవరో కీర్తనల గ్రంథంలో నెమలీక పెట్టి మర్చిపోయారు. అది ఇంకా పిల్లల్ని పెట్టలేదు.)



ఈసారి గోడ పత్రికకు నేను ఎంచుకున్న విషయం క్రైస్తవ జీవితంలో ప్రార్థన, కష్టకాలం. మన హాస్టల్‌లో అందరూ క్రైస్తవులు కారని నాకు తెలుసు. సమ్మక్క సారలమ్మకు మొక్కేవాళ్ళు ఉన్నారు, భద్రాద్రి రామయ్యకు మొక్కేవాళ్ళు ఉన్నారు, ఊరి ముత్యాలమ్మకు కోడిని ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఎవరినో మా వైపు లాగాలని ఇది వ్రాయటం లేదు. కష్టం మాత్రం అన్ని గుడిసెలకూ వస్తుంది గదా! 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. మా పెద్దలు చెప్పే 1986 వరదలో అయితే 75.6 అడుగులు. ఆ రాత్రులలో నది ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలిచి ఉంటారు. నీరు మాత్రం ఎవరి ఇల్లు ఎవరిదని అడగకుండానే లోపలికి వచ్చింది. కాబట్టి "పిలిచాను, ఎందుకు పలకలేదు?" అన్న ప్రశ్న మా ఒక్కళ్ళది కాదు. నేను మాత్రం నాకు తెలిసిన పుస్తకంలో నుంచి, మనకు దగ్గరి ఊళ్ళలో జరిగిన సంగతుల్లో నుంచి జవాబు వెతుకుతాను.

మా వైపు ఊళ్ళలో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, నమ్మకంతో అడిగితే అడిగింది అడిగినట్టు దొరుకుతుంది, దొరకలేదంటే నీ నమ్మకం చాలలేదు. రెండవది, పైన ఎవరూ లేరు, ఊరికే గొంతు నొప్పి. రెండవ మాట అన్నవాళ్ళతో నాకు పెద్ద తగాదా లేదు. వాళ్ళు చూసింది వాళ్ళు చెబుతున్నారు. మొదటి మాటే నన్ను ఈ పాఠం వ్రాయించింది. అది వినటానికి భక్తిగా ఉంటుంది గాని, పడవలసిన చోట పడితే గొడ్డలి దెబ్బలాగా ఉంటుంది.

ఎట్లాగంటే, నేను ఎనిమిదవ తరగతిలో ఉండగా వానాకాలంలో మా తమ్ముడికి చలి జ్వరం వచ్చింది. వాడికి ఆరేళ్ళు. మా ఊరికీ ఆసుపత్రికీ మధ్య వాగు ఉంది, ఆ వారం వాగు రెండు దరులూ ఒరుసుకొని పారుతుంది. మా సంఘం వాళ్ళు మూడు రాత్రులు మా ఇంట్లోనే కూర్చొని ప్రార్థన చేశారు. మా అమ్మ మూడు రోజులు మెతుకు ముట్టలేదు. నాలుగోనాడు నీరు కొంచెం తీయగానే మంచానికి కర్రలు కట్టి నలుగురు మోసుకుపోయారు. అప్పటికే వాడికి ఫిట్స్ వస్తున్నాయి. ఆసుపత్రిలో సూది వేశారు, గ్లూకోజు ఎక్కించారు. తెల్లవారక ముందే వాడు పోయాడు.

తర్వాత కొన్ని రోజులకు వేరే ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. పరామర్శకు వచ్చి, మా అమ్మ ముఖం చూసి, "విశ్వాసం చాలలేదమ్మా, చాలి ఉంటే పిల్లోడు బతికేవాడు" అన్నాడు. అని, కాఫీ తాగి పోయాడు. ఆ రాత్రి మా అమ్మ నన్ను అడిగింది, "పెద్దోడా, దేవుడు అట్ల తూకం వేస్తడా? ఎంత తక్కువైందో చెప్తే ఆ కాస్త పోసేదాన్ని గదరా" అని. నాకు జవాబు తెలియలేదు. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను.

మిత్రులారా, ఆ ప్రసంగీకుడు అన్న మాట కొత్తది కాదు. బైబిలులో ఆ మాట అన్నవాళ్ళు ముందే ఉన్నారు. యోబు అనే మంచి మనిషి ఉన్నాడు. ఒకే రోజులో ఎద్దులు, గొర్రెలు, ఒంటెలు, పదిమంది బిడ్డలు అందరూ పోయారు. తర్వాత ఒళ్ళంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు చూడటానికి వచ్చారు. వచ్చిన మొదటి ఏడు రోజులు వాళ్ళు ఏమీ మాట్లాడకుండా నేల మీద ఆయన పక్కన కూర్చున్నారు. నా ఉద్దేశంలో వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే! నోరు తెరిచాక ఇక ఒకటే పాట. నువ్వేదో తప్పు చేసి ఉంటావు, ఒప్పుకో, లేకపోతే ఇంత కష్టం ఎందుకు వస్తుంది అని. యోబు ఒప్పుకోలేదు. దేవుడితోనే వాదం పెట్టుకున్నాడు, పుట్టిన రోజును తిట్టుకున్నాడు, ఎదురుగా నిలబడి నాకు సమాధానం చెప్పు అన్నాడు. అది చదువుతుంటే మనకే భయం వేస్తుంది, ఇతనికి ఇప్పుడు పిడుగు పడుద్దేమోనని.

42వ అధ్యాయం 7వ వచనం దగ్గరకు వచ్చేసరికి దేవుని కోపం ఎవరి మీద పడిందో చూడండి. గట్టిగా అడిగిన యోబు మీద కాదు. దేవుని తరఫున వకీళ్ళలాగా మాట్లాడిన ఆ స్నేహితుల మీద. తన్ను గూర్చి వాళ్ళు సరిగా మాట్లాడలేదని, యోబే సరిగా మాట్లాడాడని ఆయన తీర్పు చెప్పాడు. పైగా వాళ్ళ కోసం ప్రార్థన చేసే పని కూడా యోబుకే అప్పగించాడు. ఈ సంగతి నేను పోయిన దసరా సెలవుల్లో మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు. "ఇంకోసారి చదువు" అన్నది.

క్రొత్త నిబంధనలో కూడా ఈ తూకం లేదు. పౌలు ఎంతోమందిని స్వస్థపరచినట్టు అపొస్తలుల కార్యములలో ఉంది. ఆయన శరీరంలోనే ఒక ముల్లు లాంటి బాధ ఉండేది. అది తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. దాన్ని మోయటానికి చాలినంత కృప ఉంటుందని మాత్రం జవాబు వచ్చింది. (కొరింథీయులకు రెండవ పత్రిక, 12వ అధ్యాయం.) తనతో పని చేసే త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో వదిలి రావలసి వచ్చిందని తిమోతికి వ్రాశాడు. ఒక్క వాక్యమే వ్రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని అనలేదు. పౌలుకే విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా?

అదే తిమోతికి తరచూ కడుపునొప్పి. దానికి పౌలు చెప్పింది నీళ్ళు మాత్రమే తాగవద్దు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని. ఆ రోజుల్లో అది మందు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. హిజ్కియా రాజు సంగతి ఇంకా బాగుంటుంది. ఆయనకు చావు రోగం వచ్చింది. గోడ వైపు ముఖం తిప్పుకొని ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాను, 15 ఏళ్ళు ఆయుష్షు ఇస్తాను అని యెషయా ప్రవక్త చేత కబురు చేశాడు. ఇక అయిపోయింది గదా, లేచి నడవాలి. కాదు! యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద కట్టించాడు. దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా కట్టు కట్టవలసి వచ్చింది. అంజూరం అంటే మన అడవిలో మేడిపండుకు చుట్టమే. మా తాతలు పుండుకు ఆకుపసరు కట్టినట్టే అనుకోండి.

ఇది ఎందుకు ఇంత నొక్కి వ్రాస్తున్నానంటే, మా వైపు కొంతమంది మాత్ర మింగితే విశ్వాసం పోయినట్టు అనుకుంటారు. అది బైబిలులో లేదు. మలేరియా దోమ వల్ల వస్తుందన్న రుజువు దొరికింది మన తెలుగు నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూసి అందులో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. ఆ సంతోషంలో దేవునికి స్తోత్రంగా ఒక పద్యం కూడా వ్రాసుకున్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సైన్సు మాస్టారు గారు దోమ సంగతి చెప్పినప్పుడు పద్యం సంగతి చెప్పలేదు గాబట్టి నేను చెబుతున్నాను. అంతకు ముందు ఎన్ని వందల ఏళ్ళు ఎంతమంది అమ్మలు చలి జ్వరం పోవాలని ప్రార్థించారో! వాళ్ళకు వచ్చిన జవాబుల్లో ఒకటి ఆ సూక్ష్మదర్శినిలో వచ్చిందని నా నమ్మకం. మా తమ్ముడి విషయంలో తక్కువైంది విశ్వాసం కాదు, వాగు మీద వంతెన. ఇది ఎవరినీ తప్పు పట్టటానికి వ్రాయలేదు, లెక్క సరిచేయటానికి వ్రాశాను.

ఇప్పుడు మన దగ్గరి ఊళ్ళ సంగతికి వస్తాను. అడిగింది ఒకటి, దొరికింది ఒకటి అనటానికి దుమ్ముగూడెం కన్నా మంచి సాక్ష్యం నాకు కనపడలేదు.

దుమ్ముగూడెంలో గోదావరి మీద పాత ఆనకట్ట మనలో చాలామంది చూసినదే. దాన్ని కట్టించిన పనుల్లో ముఖ్యుడు ఫీలిక్స్ హేగ్ అనే ఇంగ్లీషు సైనిక ఇంజనీరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఆలోచన ఏమిటంటే, గోదావరి మీద సముద్రం నుంచి పైన మధ్య పరగణాల దాకా పడవలు నడపాలి, పత్తి కిందికి దిగాలి, ఉప్పు పైకి పోవాలి. నదిలో మూడు చోట్ల రాళ్ళ అడ్డులు ఉన్నాయి. వాటిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గర. ఈ పడవల దారి గురించి హేగ్ 1856లో ఒక నివేదిక వ్రాశాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి పని చేయించాడు. అప్పుడు ఇది దట్టమైన అడవి. జ్వరాలకు పేరు పడ్డ చోటు.

హేగ్ ప్రార్థనాపరుడు. కాటన్ కూడా అంతే. హేగ్ రెండు విషయాల కోసం పాటుపడ్డాడు. ఒకటి నది పని. రెండవది ఇక్కడి కోయవాళ్ళకు సువార్త చెప్పే మనిషి. రెండవదాని కోసం ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీకి వ్రాశాడు. పంపటానికి మనుషులు లేరని జవాబు వచ్చింది. అప్పుడు ఆయన, ఆయనతో ఉన్న కొద్దిమంది ఇక్కడి నుంచే ఒకణ్ణి లేపమని దేవుణ్ణి అడిగారు. ఆ రోజుల్లోనే అక్కడ ప్రభుత్వ కొలువులో ఉన్న వెంకటరామ రాజు అనే ఆయన క్రైస్తవుడయ్యాడు. ఉద్యోగం వదులుకొని కోయ గూడేలు తిరిగాడు. తరువాత గురువుగా అభిషేకం పొందాడు. దొరలు సముద్రం అవతల మనిషి కోసం చూస్తుంటే, మనిషి అదే ఊళ్ళో లెక్కల పుస్తకం ముందు కూర్చొని ఉన్నాడన్నమాట. 1870ల్లో జాన్ కేన్ అనే మిషనరీ వచ్చి చాలా ఏళ్ళు ఇక్కడ ఉన్నాడు. కోయల భాష, ఆచారాల గురించి ఆయన వ్రాసినవి ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రికలో వచ్చాయి. మన తాతల తాతల పెళ్ళిళ్ళు, పండుగలు అందులో ఉన్నాయి. అన్నీ సరిగ్గా అర్థం చేసుకున్నాడని నేను అనుకోను. అది వేరే పాఠం.

మరి నది పని ఏమైంది? 1871లో ప్రభుత్వం ఆపివేసింది. ఖర్చు పెరిగిపోయింది, ఈ లోపల రైలు మార్గాలు వచ్చేశాయి. హేగ్ తన యవ్వనమంతా పోసిన పని, దాని కోసం కూడా ఆయన ప్రార్థించి ఉండడా? అది నిలబడలేదు. పడవలు నాగపూరుకు పోలేదు. ఒకే మనిషి, ఒకే ఊరు, ఒకే మోకాళ్ళు. ఒక ప్రార్థనకు అనుకోని చోట నుంచి జవాబు వచ్చింది. ఇంకొక దానికి రాలేదు. విశ్వాసం తూకమే లెక్క అయితే ఒకే మనిషికి రెండు లెక్కలు ఎట్లా వస్తాయి? ఆయన దేవుణ్ణి వదలలేదు. ముసలితనంలో కూడా మిషనరీ పని కోసం తిరుగుతూనే ఉన్నాడు.

రెండవ ఊరు డోర్నకల్. మణుగూరు, భద్రాచలం రోడ్డు నుంచి బొగ్గు బండ్లు పోయి కలిసే జంక్షను అదే. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు పుట్టింది 1874లో, తమిళ దేశం తిరునెల్వేలి జిల్లాలో. అక్కడి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి మనుషులను పంపారు. అజరయ్య గారు 1909లో తానే వచ్చారు. కొత్త భాష, ఎండలు, జ్వరాలు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషపుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషపు కావటం అదే మొదటిసారి. ఇండియావాడు తెల్లవాళ్ళ మీద పెత్తనం చేయటమా అని సణిగినవాళ్ళు చాలామంది. బిషపు గారు ఎద్దుల బండి మీద ఊరూరు తిరిగేవారు.

అక్కడ సంఘంలో చేరినవాళ్ళు ఎక్కువమంది భూమి లేని మాల, మాదిగ కూలీలు. కరువు వస్తే మొదట వాళ్ళ పొయ్యే ఆరుతుంది. అయినా ఆ సంఘాల్లో ఒక అలవాటు ఉండేది, ఇప్పటికీ మా ఊళ్ళో కూడా ఉంది. వంటకు బియ్యం కొలిచినప్పుడు అందులో నుంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం అది గుడికి పోతుంది. ఒక పూట తిని ఒక పూట పస్తుండేవాళ్ళు కూడా వేసేవాళ్ళు. నాకు మొదట ఇది అన్యాయం అనిపించింది. లేనివాళ్ళ దగ్గర తీసుకోవటమేమిటి? కాని మా అమ్మను చూశాక వేరేగా అర్థమయింది. ఆ ప్రసంగీకుడు వచ్చి పోయిన తర్వాత ఆమె నోటితో ప్రార్థన చేయటం మానేసింది. గుప్పెడు బియ్యం మాత్రం మానలేదు. ఎందుకమ్మా అంటే, "మాట్లాడబుద్ధి కావట్లేదు. బియ్యం ఏం పాపం చేసినయ్? ఆ ముసలామెకు పోతయ్ గద" అన్నది. మా సంఘంలో ఎవరూ లేని ఒక ముసలామె ఉంది, ఆమెకు ఆ బియ్యంలో నుంచి ఇస్తారు. నమ్మకం నోట్లో లేనప్పుడు చేతిలో ఉండొచ్చని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా ఇంట్లో చూశాను.

అజరయ్య గారికి ఒక పెద్ద కోరిక ఉండేది. తెల్లవాళ్ళు తెచ్చిన మిషన్లు ఒక్కొక్కటి ఒక్కొక్క పేరుతో వేరు వేరు సంఘాలు పెట్టాయి. ఒక ఊరివాళ్ళు ఒక ముక్క, పక్క ఊరివాళ్ళు ఇంకొక ముక్క. ఇవి ఒకటి కావాలని ఆయన ఆశ. 1919లో తరంగంబాడిలో దీని గురించి సమావేశం జరిగితే అందులో ముందు నిలబడ్డారు. అప్పటి నుంచి చర్చలే చర్చలు. ఏళ్ళు గడిచాయి. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన చనిపోయారు. 1947 సెప్టెంబరు 27న, అంటే రెండు సంవత్సరాల తొమ్మిది నెలల తర్వాత, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మనం సి.ఎస్.ఐ. అంటాం గదా, అదే. 28 ఏళ్ళ ప్రార్థనకు జవాబు వచ్చిన రోజు అడిగిన మనిషి లేడు. ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం కూడా చాలా ఏళ్ళు నత్తనడకన సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. అది మాత్రం ఆయన చూశారు. మసీదు తీరు గుమ్మటాలు, గుడి తీరు స్తంభాలు ఉంటాయి. సెలవుల్లో రైలు దిగినవాళ్ళు తప్పక చూడండి.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను ఆపి అడుగుతాడు. "సరే, జవాబు ఆలస్యం కావొచ్చు, వేరేగా రావొచ్చు. మరి రాకుండానే ఉంటే? నీ తమ్ముడు తిరిగి రాడు గదా?" నిజమే, రాడు. దీనికి నా దగ్గర చక్కని జవాబు లేదు, ఉందని చెప్పేవాళ్ళను నేను నమ్మను కూడా. నేను చెప్పగలిగింది ఒకటే. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు కూడా, వీలైతే ఈ గిన్నె నా నుంచి తొలగించు అని అడిగాడు. మూడుసార్లు అడిగాడు. చెమట రక్తపు బొట్లలాగా కారిందని లూకా వ్రాశాడు. గిన్నె తొలగలేదు. తెల్లవారి సిలువ వేశారు. దేవుని కుమారుడికే అడిగింది దొరకలేదంటే, దొరకని చోట నిలబడినవాళ్ళు దేవునికి దూరంగా ఉన్నారని ఎట్లా అంటాం? నా చదువులో మా అమ్మ ప్రశ్నకు దొరికిన జవాబు ఇది. తూకం వేసే త్రాసు అక్కడ లేదు. అక్కడ ఉన్నవాడు కూడా అదే గిన్నె తాగినవాడు. నమ్మటం అంటే అడిగింది వస్తుందని గట్టిగా అనుకోవటం కాదు. వచ్చినా రాకపోయినా ఆయనతో మాట మానకుండా ఉండటం. మాట రాకపోతే గుప్పెడు బియ్యమైనా మానకుండా ఉండటం.

మాట్లాడటం అంటే పొగడటమే కానక్కరలేదు. కీర్తనల గ్రంథంలో 13వది, 88వది చదవండి. ఎంతకాలం మర్చిపోతావని నిలదీస్తాయి. 88వది చివరి దాకా చీకట్లోనే ఉంటుంది, ఒక్క వెలుగు మాట కూడా లేకుండా ముగుస్తుంది. దాన్ని కూడా బైబిలులో ఉంచారు. మన భద్రాచలం రామదాసు గారు, అంటే నేలకొండపల్లి కంచర్ల గోపన్న, గోలకొండ చెరసాలలో 12 ఏళ్ళు ఉన్నారని మనందరికీ తెలుసు. దెబ్బలు ఓర్చుకోలేక ఆయన తన రాముణ్ణి నగల ఖర్చులు లెక్కపెట్టి మరీ నిలదీశారు. ఆయన దేవుడు వేరు, నా దేవుడు వేరు అని మీరు అనొచ్చు. కాని చెరసాలలో ఉన్నవాడు కోపంగా అయినా మాట మానకపోవటం అంటే ఏమిటో, ఈ గోదావరి గట్టు మీద పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక హాస్టల్‌లో ప్రార్థన ఎట్లా అన్నది. గదిలోకి పోయి తలుపు వేసుకొని రహస్యంగా ప్రార్థించమని ప్రభువు చెప్పాడు. మనం హాలులో 80 మందిమి పడుకుంటాం. తలుపుకు గొళ్ళెమే సరిగా లేదు. అందుకని మేము దుప్పటి ముసుగు పెట్టుకుంటాం. అదే గది. చిన్నవాళ్ళు ముసుగు పెట్టిన ఐదు నిమిషాలకు గురక పెడతారు. దానికి ఎవరూ నవ్వవద్దు. గెత్సేమనేలో పేతురు, యాకోబు, యోహాను కూడా అదే చేశారు. పరీక్షల ముందు మాత్రమే ముసుగు పెట్టేవాళ్ళను గూర్చి నేను ఏమీ వ్రాయను, వాళ్ళే ఇది చదివి నవ్వుకుంటారు.

చివరగా వానాకాలం గురించి. చలితో వణుకు, తలనొప్పి, ఒళ్ళు కాలటం, చెమట పట్టి తగ్గి మళ్ళీ రావటం, వీటిలో ఏది ఉన్నా ముందు వార్డెన్ గారికి చెప్పండి. వేలి మీద చుక్క రక్తంతో పరీక్ష అక్కడికక్కడే అయిపోతుంది. ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కుతుంది, దానికి ఒక్క రోజు ఆలస్యం కూడా మంచిది కాదు. వైవాక్స్ రకానికి 14 రోజుల మాత్రలు ఇస్తారు. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది, మాత్ర చేదుగా ఉంటుంది, అందుకని చాలామంది కిటికీలో నుంచి విసిరేస్తారు. క్రిమి కాలేజంలో దాక్కొని కొన్ని నెలలకు మళ్ళీ లేస్తుంది. పధ్నాలుగూ మింగండి. పరీక్ష అయ్యి, మొదటి మాత్ర మింగాక నన్ను లేపండి, రెండవ హాలులో మూలన మూడో మంచం నాది. అర్ధరాత్రయినా సరే, మీ పక్కన కూర్చుంటాను. ప్రార్థన చేయమంటే చేస్తాను, వద్దంటే యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు కూర్చున్నట్టు ఊరికే కూర్చుంటాను.